గేటు మూసిన రోజుకు అద్దె ఎవరు కట్టాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీ వృత్తిలో మాకూ పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పమని సంఘం వారు అడిగారు. నేను ఓడరేవు క్రేన్ల మీద పనిచేసే ఇంజనీరుని. అయితే ఈ రోజు క్రేన్ల గురించి కాదు, అవి దించే కంటైనర్ల మీద అమెరికాలో నడిచిన ఒక తగాదా గురించి చెబుతాను.

ముందుగా రెండు మాటలు తెలియాలి. ఓడ దిగిన కంటైనర్‌ను కొన్ని రోజుల్లోగా రేవు నుంచి తీసుకుపోవాలి. ఆ గడువును ఫ్రీ టైమ్ అంటారు. గడువు దాటితే రోజుకు ఇంత అని కట్టేది డెమరేజ్. తీసుకుపోయిన పెట్టెలో సరుకు దించుకొని, ఖాళీ పెట్టెను మళ్లీ గడువులోగా అప్పగించాలి. అందులో ఆలస్యమైతే కట్టేది డిటెన్షన్. పెళ్లికి టెంట్‌హౌస్ నుంచి గుండిగలు, కుర్చీలు తెచ్చుకుంటాం కదా, అలాంటిదే. చెప్పిన రోజుకు తిరిగివ్వకపోతే అదనపు అద్దె పడుతుంది. అందులో అన్యాయం లేదు. ఆ భయం లేకపోతే పెట్టెలు తిరిగిరావు, రేవులు గోదాములైపోతాయి.

మరి కుర్చీలు తిరిగిద్దామని వెళితే టెంట్‌హౌస్ షట్టరు మూసి ఉందనుకోండి. ఆ రోజుకు కూడా అద్దె కట్టాలా? తగాదా అంతా ఇక్కడే.

కోవిడ్ కాలంలో ఇది పెద్దదైంది. 2022 జనవరిలో లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ రేవుల కోసం వందకు పైగా కంటైనర్ ఓడలు వరుసలో ఎదురుచూశాయి. యార్డులు నిండిపోయాయి. ఖాళీ పెట్టె అప్పగించడానికి ముందుగా స్లాట్ తీసుకోవాలి, ఆ స్లాట్లు దొరకలేదు. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది. 2020 ఏప్రిల్ నుంచి 2022 మార్చి వరకు తొమ్మిది పెద్ద షిప్పింగ్ కంపెనీలు ఈ రెండు పద్దుల కింద సుమారు 890 కోట్ల డాలర్ల బిల్లులు వేసి, దాదాపు 690 కోట్లు వసూలు చేశాయని అక్కడి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ లెక్క చెప్పింది.

సముద్ర రవాణా వివాదాలు చూసే ఆ కమిషన్ 1961లో ఏర్పడింది. ఈ రుసుములు ఉన్నది సరుకు కదిలేలా చేయడానికి, ఆ పని చేయలేని రుసుము సబబేనా అని చూడాలి అని 2020లోనే అది సూత్రం చెప్పింది. స్లాట్లు చాలక 11 కంటైనర్లు తిరిగివ్వలేకపోయిన ఒక ట్రక్కు సంస్థకు డిటెన్షన్ మాఫీ చేయలేదన్న కేసులో, హపాగ్-లాయిడ్ కంపెనీ 2022 జూన్‌లో 20 లక్షల డాలర్లు కట్టడానికి రాజీపడింది.

అదే నెల 16న ఓషన్ షిప్పింగ్ రిఫార్మ్ యాక్ట్ వచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన సంగతి, రుసుము సబబేనని రుజువు చేసే భారం కంపెనీ మీద పెట్టడం. అంతకుముందు బిల్లు అందుకున్నవాడే అది తప్పని నిరూపించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఫ్రీ టైమ్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏ రేటు, ఏ రోజులకు అన్నది బిల్లులోనే ఉండాలి. చట్టం అడిగిన వివరాలు లేని బిల్లు కట్టనక్కర్లేదు. 2024 మే 28 నుంచి అమలైన నిబంధనల ప్రకారం 30 రోజుల్లోగా బిల్లు పంపాలి, అభ్యంతరం చెప్పడానికి కనీసం 30 రోజులు ఇవ్వాలి.

మన లెక్కల క్లాసులో ఉత్త జవాబు రాస్తే మార్కులు పడేవా? మెట్లు చూపించమనేవారు మాస్టారు. ఆ చట్టం కంపెనీలను అడిగింది కూడా అదే.

కథ ఇక్కడితో అయిపోలేదు. 2020 మేలో మెమోరియల్ డే సెలవులకు సవానా రేవు మూసి ఉంది. ఆ రోజులకు కూడా ఎవర్‌గ్రీన్ కంపెనీ ఒక ట్రక్కు సంస్థకు డిటెన్షన్ వేసింది. మొత్తం కలిపితే కొన్ని వందల డాలర్లే. గేటు మూసి ఉంటే పెట్టె ఎలా తిరిగిస్తారు, ఈ రుసుము చెల్లదు అని 2022 డిసెంబరులో కమిషన్ తీర్పు చెప్పింది. కంపెనీ వాషింగ్టన్ అప్పీలు కోర్టుకు వెళ్లింది. 2024 జులైలో కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. సెలవు రోజుకూ అద్దె పడుతుందని తెలిస్తే ముందే తిరిగిచ్చేవారేమో, ఆ సంగతి కమిషన్ సరిగా ఆలోచించలేదు, తన నిర్ణయానికి తగిన కారణం చూపలేదు అంది. మన టెంట్‌హౌస్ యజమాని కూడా అదే అంటాడు కదా: "ఆదివారం మూస్తామని మీకు తెలుసు, శనివారమే తేవాల్సింది."

కంపెనీని మెట్లు చూపించమన్న కమిషన్‌ను కోర్టు కూడా అదే అడిగింది. కమిషన్ ఓడిందని కొందరు బాధపడ్డారు. నాకు అందులో బాధ కనిపించలేదు. బలహీనుడి పక్షాన ఉన్నంత మాత్రాన కారణం చెప్పే బాధ్యత తప్పిపోదు.

మనకెందుకిదంతా అంటారా? అమెరికాకు వెళ్లే మన దేశపు రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. అవి ప్రయాణం చేసేది చల్లని కంటైనర్లలోనే. అక్కడ కొనుగోలుదారు మీద పడిన ఖర్చు బేరంలో ఇటువైపు ఎగుమతిదారుకు, చివరికి చెరువు గట్టు మీది రైతుకు తగలకుండా పోదు.

ఈ సభలో వ్యాపారులున్నారు, బ్యాంకు వాళ్లున్నారు, కాలేజీలు నడిపేవాళ్లున్నారు, నాలాంటి ఇంజనీర్లున్నారు. మనలో చాలామంది ఏదో ఒక బిల్లు వేసేవాళ్లమే. ఆలస్య రుసుము వేసేముందు రెండు విషయాలు చూద్దాం. అవతలివాడికి దాన్ని తప్పించుకునే దారి ఉందా? లెక్క మొత్తం కాగితం మీద ఉందా? బిల్లు అందుకునే వైపు ఉన్నప్పుడు ఈ రెండూ అడగడానికి మొహమాటపడవద్దు. అడగడం ఈ బడిలోనే నేర్చుకున్నాం.