సూది గుచ్చకుండా రెటీనా రక్తప్రసరణ: స్నాతకోత్సవ ప్రసంగం

రెటీనాలో రక్తం ఎక్కడ పారుతోందో, ఎక్కడ ఆగిపోయిందో సూది గుచ్చకుండా చూపే పరీక్ష ఓసీటీ ఆంజియోగ్రఫీ. షుగరుతో రెటీనా దెబ్బతిన్నవారికి, వయసు మీదపడి రెటీనా నడిభాగమైన మాక్యులా క్షీణిస్తున్నవారికి, రెటీనా సిర పూడుకుపోయినవారికి ఇది బాగా అక్కరకొస్తుంది.

ఈ పరీక్ష రాకముందు దశాబ్దాల పాటు వైద్యులకు ఆధారం ఫ్లోరెసిన్ ఆంజియోగ్రఫీ. ఇండియానా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే హెరాల్డ్ నోవోట్నీ, డేవిడ్ ఆల్విస్ దాన్ని సాధించారు. 1961లో ఆ వ్యాసాన్ని అచ్చువేసింది కంటి వైద్యుల పత్రిక కాదు, గుండె వైద్యుల పత్రిక ‘సర్క్యులేషన్’. పట్టాలు అందుకునే రోజున తలచుకోదగిన ఇద్దరు వీరు. ఈ పరీక్షలో చేతి సిరలోకి ఎక్కించిన రంగు కొద్ది సెకన్లలోనే కంటికి చేరుతుంది. అయితే కొందరికి వాంతులవుతాయి, ఒళ్లూ మూత్రమూ పచ్చబడతాయి. అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కూడా వస్తుంది. గర్భిణులకు ఈ రంగు ఎక్కించడానికి వైద్యులు వెనకాడతారు.

కాంతితో రెటీనా పొరలను చూపే ఓసీటీని 1991లో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో బృందం ప్రకటించింది. ఓసీటీ ఆంజియోగ్రఫీ దాని మీదే నిలిచింది. యంత్రం ఒకే చోటును కొన్ని మిల్లీసెకన్ల తేడాతో మళ్లీమళ్లీ చూస్తుంది. కదలని కణజాలం ప్రతిసారీ ఒకేలా కనబడుతుంది, ఎర్ర రక్తకణాలు పారే చోట సంకేతం మారుతుంది. ఆ మార్పులనే కూర్చి కేశనాళికల పటం గీస్తుంది. రంగు పరీక్షలో సరిగా కనబడని లోపలి కేశనాళికల పొర కూడా ఇందులో విడిగా కనిపిస్తుంది. షుగరు రోగి మాక్యులా నడుమ రక్తనాళాలు లేని చోటు ఎంత పెరిగిందో, వయసు జబ్బులో కొత్త నాళాల వల ఎక్కడ అల్లుకుందో తెలుస్తుంది.

తెలుగునాట ఈ రంగంలో ముందున్నది 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ. రెటీనా వెనకున్న రక్తనాళాల పొర కోరాయిడ్ మందాన్ని ఓసీటీ చిత్రాల్లో కంప్యూటరే కొలిచే పద్ధతిపై హైదరాబాద్ ఐఐటీ ఈ సంస్థతో కలిసి పనిచేసింది.

ఇక ఓసీటీ ఆంజియోగ్రఫీ లోపాలు. ఇవి తెలియనివారి చేతిలో ఈ పటం తప్పుదారి పట్టిస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరు కదులుతోందని చూసినంత మాత్రాన ఎన్ని క్యూసెక్కులు దిగుతున్నాయో చెప్పలేం. ఈ పటమూ అంతే, ప్రవాహం ఉందని చెబుతుంది గానీ ఎంతో చెప్పదు. మరీ మెల్లగా పారే రక్తం అసలు లేనట్టే కనబడుతుంది. అందుకే రంగు పరీక్షలో మెరిసే కొన్ని సూక్ష్మ బుడిపెలు ఇక్కడ దొరకవు. పైనాళాల నీడ కింది పొరల మీద పడి లేని నాళాలను చూపుతుంది. రోగి చూపు కదిలితే చారలు పడతాయి. నాళాల నుంచి కారే ద్రవం ఇందులో కనిపించదు. మాక్యులా వాపుకు మామూలు ఓసీటీ చూడాలి. ఊట ఎక్కడిదో తేల్చాలన్నా, రెటీనా అంచుల్లోని జబ్బు వెతకాలన్నా చాలాచోట్ల ఇప్పటికీ రంగు పరీక్షే చేస్తారు.