ఇల్లు కొనేముందు ఒక్క మాట
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. మన ఇళ్ళలో రోజూ నలిగే మరొక విషయం, హైదరాబాదులో ఇంటి ధర గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

1980లలో మనలో చాలామందిమి హౌసింగ్ సొసైటీలో చేరి, పి.ఎఫ్. లోను పెట్టి 200 గజాల స్థలం కొనుక్కున్నాం. జీతంరాళ్ళతో బతికేవాడికి అది అందే పనే. తర్వాతి లెక్క చూడండి. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్.ఎం.డి.ఏ. జరిపిన వేలంలో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం సుమారు 2 లక్షల 8 వేలు! కేంద్ర ప్రభుత్వోద్యోగికి 2024 జనవరి నుంచి గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 25 లక్షలు. జీవితమంతా చేసిన సర్వీసుకు ఆ వేలం ధరలో అక్కడ వచ్చేది 12 గజాలు. రెండు మంచాలు, ఒక బీరువా వేస్తే నిండిపోతుంది.

అక్కడ లేచేవి పెద్ద టవర్లు కనుక ఫ్లాటుకు పడే స్థలం తక్కువే, నిజమే. కాని ఆ వేలం వార్త పేపర్లో పడితే, చుట్టుపక్కల ఊళ్ళలో పొలం ఉన్నవారు కూడా ధర పెంచుతారు.

ఎందుకిలా అయింది? 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మంచి జీతాల ఉద్యోగాలు నగరానికి పడమటి వైపే చేరాయి. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టాన్ని కేంద్రం 1999లో రద్దు చేయగా, మన రాష్ట్రంలో ఆ రద్దు 2008లో అమలుకు వచ్చింది. ధరలను అదుపులో పెట్టవలసిన ప్రభుత్వమే వేలంలో అమ్మకందారు. ధర పెరిగితే రిజిస్ట్రేషన్ ఆదాయమూ పెరుగుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే వరస.

మనల్ని కూడా వదిలిపెట్టకూడదు. నా స్థలం ధర పెరిగిందని నేనూ సంతోషించినవాణ్ణే. అదే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఈనాటికీ అద్దె ఇంట్లోనే ఉన్నాడు. తండ్రి లాభం కొడుక్కు భారమైంది.

ఈ తొందరలోనే మన సొమ్ముకు ముప్పు వస్తున్నది. నా మిత్రుడొకరు రిటైర్‌మెంటు డబ్బంతా ‘ప్రీలాంచ్’ అనే ఆఫరులో పెట్టారు. సగం ధరకే ఫ్లాటు అన్నారు. స్థలంలో అవిభాజ్య వాటా రాసిస్తామన్నారు. నాలుగేళ్ళయింది. అక్కడ గుంట తప్ప గోడ లేదు. ఆయన భార్య మందులకు ఇప్పుడు పెన్షనే ఆధారం.

అందుకని మనవి చేస్తున్నాను. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోగాని, 8 ఫ్లాట్లు మించిగాని కట్టేవారు రిజిస్టరు కాకుండా ప్రకటన ఇవ్వరాదు, అడ్వాన్సు తీసుకోరాదు. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. చెప్పిన గడువుకు ఇల్లు అప్పగించకపోతే వడ్డీతో వాపసు అడగవచ్చు. రెరా నంబరు లేదంటే లేచి వచ్చేయండి. సగం ధర అన్నచోట రెట్టింపు అనుమానించండి.

మన సంఘం తరఫున రెండు పనులు చేద్దాం. సభ్యులెవరైనా సంతకం పెట్టేముందు కాగితాలు చూపించుకోవడానికి, రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖల్లో పనిచేసిన మన మిత్రులు నెలకొకసారి ఆఫీసులో కూర్చోవాలి. వేలం వేసే ప్రతి ప్రభుత్వ స్థలంలో కొంత భాగం చిన్న జీతగాళ్ళ ఇళ్ళకు కేటాయించాలని ప్రభుత్వానికి మహజరు ఇవ్వాలి. డి.ఏ. కోసం ధర్నా చేసినవాళ్ళం, పిల్లల గూడు కోసం ఒక కాగితం రాయలేమా?