థాయ్ పార్ట్‌నర్ పేరు మీద షాపు: సాయం ఎక్కడిదాకా, పెత్తనం ఎక్కడినుంచి?

మీరు అడిగి అడిగి చేయించిన ఎపిసోడ్ ఇది. ప్రశ్న ఒకటే, రకరకాలుగా వస్తోంది. "అన్నా, నా భార్య థాయ్. అక్కడ చిన్న కాఫీ షాపు పెడదామనుకుంటున్నాం. ఆమె పేరు మీద రిజిస్టర్ చేసేస్తే సరిపోతుందా?" అని ఒకరు. "నా గర్ల్‌ఫ్రెండ్ బ్యాంకాక్‌లో ఆన్‌లైన్‌లో బట్టలు అమ్ముతుంది. నేను హైదరాబాద్ నుంచి డబ్బులు పంపి పార్ట్‌నర్‌గా ఉంటా, ఓకేనా?" అని ఇంకొకరు.

జవాబు ముందే చెప్పేస్తా. ఆమె షాపుకు మీరు సాయం చేస్తే ఏ గొడవా లేదు. మీ షాపుకు ఆమె పేరు వాడుకుంటే మాత్రం ఇద్దరూ ఇరుక్కుంటారు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అదే షాపు, అదే బోర్డు, అదే జంట. తేడా ఎక్కడుందో ఈరోజు వివరంగా మాట్లాడుకుందాం.

నేను లాయర్‌ని కాదు. మా ఆవిడ థాయ్, చియాంగ్ మాయ్‌లో చిన్న కాఫీ షాపు నడుపుతుంది. ఆ షాపు కోసం ఆఫీసులన్నీ ఆమెతోపాటు తిరిగాను కాబట్టి చెబుతున్నా. మీ కేసుకు ఫైనల్ మాట మాత్రం అక్కడి లాయర్‌నో అకౌంటెంట్‌నో అడిగి తీసుకోండి.

సరే, మొదట అసలు చట్టం. థాయిలాండ్‌లో 1999 నాటి ఫారిన్ బిజినెస్ యాక్ట్ ఉంది. విదేశీయులు ఏ వ్యాపారాలు నేరుగా చేయకూడదో, వేటికి ప్రత్యేక లైసెన్స్ కావాలో అందులో లిస్టులు ఉన్నాయి. చిన్న దుకాణం, ఆహారం, పానీయాలు అమ్మడం, చాలా రకాల సర్వీసులు ఆ లిస్టుల్లోనే ఉన్నాయి. కంపెనీలో సగం, లేదా అంతకన్నా ఎక్కువ వాటా విదేశీయులదైతే అది విదేశీ కంపెనీయే. అందుకే జనం షార్ట్‌కట్ వెతుకుతారు. 51 శాతం థాయ్ వాళ్ళ పేరు మీద రాసి, డబ్బు, నిర్ణయాలు, లాభం అన్నీ తమ చేతిలో పెట్టుకుంటారు. పేరు ఆమెది, పెత్తనం నాది అన్నమాట. దీన్నే నామినీ అంటారు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఈ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, అలా పేరు అరువిచ్చిన థాయ్ మనిషికి 3 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష నుంచి 10 లక్షల బాట్ల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. విదేశీయుడికి కూడా అంతే. అంటే మీరు ఏ అమ్మాయికి మంచి చేద్దామని మొదలుపెట్టారో, ఆ అమ్మాయే తన సొంత దేశంలో, తన సొంత పేరు మీద కేసులో నిలబడాలి. మీరు విమానం ఎక్కి వచ్చేయొచ్చు. ఆమె ఎక్కడికి పోతుంది? పైగా ఈ మధ్య అక్కడ నామినీల మీద తనిఖీలు బాగా పెరిగాయి.

ఇంకో మాట. యూట్యూబ్‌లో ఈ టాపిక్ మీద అమెరికా వాళ్ళ వీడియోలు బోలెడు. "మేము 100 శాతం మా పేరు మీదే పెట్టుకున్నాం" అంటారు. వాళ్ళకు 1966లో థాయిలాండ్‌తో కుదిరిన ఒక ఒప్పందం ఉంది, దాన్ని ట్రీటీ ఆఫ్ అమిటీ అంటారు. అది అమెరికన్లకే. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్న మనకు వర్తించదు. వాళ్ళ వీడియో చూసి మనం ప్లాన్ వేసుకోకూడదు.

మరి సరైన దారి ఏంటి? షాపు నిజంగా ఆమెదైతే దారి చాలా సులువు. ఆమె ఒక్కరే యజమానిగా రిజిస్టర్ చేసుకోవడం. దాన్ని థాయ్‌లో "థబియన్ ఫానిట్" అంటారు, అంటే వాణిజ్య రిజిస్ట్రేషన్. వ్యాపారం మొదలుపెట్టిన 30 రోజుల లోపు చేయాలి. ఫీజు ఎంతో తెలుసా? 50 బాట్లు. అక్కడ ఒక కాఫీ ధర అంత. బ్యాంకాక్‌లో అయితే జిల్లా ఆఫీసులో, దాన్ని "ఖేత్" అంటారు. బయట ఊళ్ళలో అయితే మున్సిపాలిటీలో, లేదా మన పంచాయతీ ఆఫీసులాంటి "ఒ బొ తొ"లో. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు కూడా చేసుకోవాలి. ఇన్‌స్టాలోనో ఫేస్‌బుక్‌లోనో అమ్ముతున్నాం, మాకెందుకు అనుకోకండి. చేయకపోతే 2,000 బాట్ల దాకా జరిమానా, ఆపైన చేసేదాకా రోజుకు 100 దాకా.

కాగితాలు ఏం కావాలి? ఆమె ఐడీ కార్డు, ఇంటి రిజిస్టర్ పుస్తకం, అదే "థబియన్ బాన్". షాపు అద్దెదైతే ఓనర్ ఒప్పుకుంటూ ఇచ్చిన లెటర్, అద్దె అగ్రిమెంట్, షాపు ఎక్కడుందో చూపించే చిన్న మ్యాప్. ఫారాలన్నీ థాయ్‌లోనే ఉంటాయి. తేదీలు చూసి కంగారు పడకండి. వాళ్ళది బౌద్ధ శకం, మన సంవత్సరానికి 543 కలపాలి. 2026 అంటే వాళ్ళ కాగితంలో 2569.

మేము వెళ్ళినప్పుడు కౌంటర్‌లో ఆఫీసరు ప్రతి ప్రశ్నా ఆమెనే అడిగారు. ఏం అమ్ముతావు, పెట్టుబడి ఎంత, ఎప్పటినుంచి. నేను పక్కన ఫైల్ పట్టుకుని కూర్చున్నా. అదే సరైన సీటు. మీ పార్ట్‌నర్ ఆ ప్రశ్నలకు మీ మొహం చూడకుండా జవాబు చెప్పగలగాలి. అందుకే ఆఫీసుకు వెళ్ళే ముందు మీరు చేయగలిగిన పెద్ద సాయం, ఆ లెక్కలన్నీ ఆమెతో కలిసి కూర్చుని వేయడం.

ఫుడ్ అయితే ఇంకో మెట్టు ఉంది. ఆహారం అమ్మే చోటు 200 చదరపు మీటర్ల లోపు ఉంటే స్థానిక సంస్థకు తెలియజేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. దాటితే లైసెన్స్ కావాలి. వండేవాళ్ళు, యజమాని ఆహార శుభ్రత మీద ట్రైనింగ్ కూడా తీసుకోవాలి. బోర్డుకు కూడా పన్ను ఉంటుంది. పూర్తిగా థాయ్ అక్షరాలతో ఉంటే అది అన్నిటికన్నా తక్కువ. థాయ్ లేకుండా వేరే భాష ఒక్కటే ఉంటే, లేదా థాయ్ అక్షరాలు వేరే భాష కింద ఉంటే ఎక్కువ. ముచ్చటపడి పైన పెద్దగా తెలుగులో "టీ" అని రాయించారనుకోండి, దానికి కట్టాల్సిందే మరి!

అద్దె అగ్రిమెంట్ గురించి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 3 ఏళ్ళు దాటే లీజును ల్యాండ్ ఆఫీసులో రిజిస్టర్ చేయించకపోతే 3 ఏళ్ళ వరకే చెల్లుతుంది. లక్షలు పోసి ఇంటీరియర్ చేయించే ముందు ఇది చూసుకోండి.

ఇప్పుడు ట్యాక్స్. యజమాని ఆమె ఒక్కరే కాబట్టి ఆమె వ్యక్తిగత ఆదాయపన్నే. ఏడాది రిటర్న్ మార్చి 31 లోపు. మొదటి ఆరు నెలల ఆదాయానికి మధ్యలో ఇంకో రిటర్న్ ఉంటుంది, అది సెప్టెంబర్ చివరిలోపు. చాలామంది మర్చిపోయేది ఈ రెండోదే. షాపుల్లాంటి చాలా వ్యాపారాలకు ఖర్చుల కింద 60 శాతం తీసేయొచ్చు, లేదా బిల్లులు చూపించి అసలు ఖర్చు తీసేయొచ్చు.

ఏడాది అమ్మకాలు 18 లక్షల బాట్లు దాటితే 30 రోజుల్లో వ్యాట్ రిజిస్ట్రేషన్. లాభం కాదు, అమ్మకాలు. పెద్ద నంబర్‌లా ఉంది కదా? రోజుకు లెక్కేస్తే దాదాపు 4,900 బాట్లు. 60 బాట్ల కాఫీ అయితే రోజుకు 82 కప్పులు. నడిచే షాపుకు ఇది పెద్ద లెక్క కాదు. అక్కడా మనలాగే అందరూ క్యూఆర్ స్కాన్ చేస్తారు, ప్రాంప్ట్‌పే అంటారు. ఒక బ్యాంకులో ఆమె ఖాతాల్లోకి ఏడాదిలో 3,000 సార్లు డబ్బు పడితే, లేదా 400 సార్లు పడి మొత్తం 20 లక్షల బాట్లు అయితే, ఆ వివరాలు బ్యాంకే ట్యాక్స్ వాళ్ళకు పంపుతుంది. కాబట్టి షాపుకు వేరే ఖాతా, ఇంటికి వేరే ఖాతా. మొదటి రోజు నుంచే. ఒక్క ఉద్యోగిని పెట్టుకున్నా 30 రోజుల్లో సోషల్ సెక్యూరిటీలో రిజిస్టర్ చేయాలి.

"మరి కంపెనీ పెడితే?" అంటారు. 2023 ఫిబ్రవరి నుంచి ఇద్దరు ఉంటే చాలు, కంపెనీ పెట్టొచ్చు. అంతకుముందు ముగ్గురు కావాలి. మీకు నిజంగా వాటా కావాలంటే దాపరికం లేకుండా 49 శాతం దాకా మీ పేరు మీద తీసుకోండి, మిగతాది నిజంగా ఆమెది కావాలి. అది చట్టబద్ధమే. కానీ ఆమె పెట్టిన డబ్బు ఎక్కడిదో బ్యాంక్ కాగితాలు అడుగుతారు. షాపు నడిచినా నడవకపోయినా ప్రతి ఏడాదీ ఆడిట్ తప్పదు. చిన్న కాఫీ షాపుకు ఆ ఖర్చు మోయగలమా అని ముందే లెక్క వేసుకోండి.

ఇక అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. షాపు ఆమెది, నేను భర్తని, కౌంటర్‌లో నిలబడి టీ పోస్తే తప్పేంటి? తప్పే. వర్క్ పర్మిట్ లేకుండా పని చేస్తే 5,000 నుంచి 50,000 బాట్ల జరిమానా, దేశం నుంచి పంపించేయడం, ఆ తర్వాత 2 ఏళ్ళు పర్మిట్ దొరకదు. పని ఇచ్చినందుకు ఆమెకు 10,000 నుంచి లక్ష దాకా జరిమానా. జీతం తీసుకోవడం లేదు అన్నది సమాధానం కాదు. పెళ్ళి వీసా అంటే ఉండటానికి అనుమతి, పని చేయడానికి కాదు. కంపెనీ ద్వారా పర్మిట్ కావాలంటే మామూలుగా ఒక విదేశీయుడికి 20 లక్షల బాట్ల పెట్టుబడి చూపించాలి, థాయ్ వాళ్ళను పెళ్ళి చేసుకుంటే అందులో సగం. కొన్ని పనులకైతే పర్మిట్ కూడా ఇవ్వరు. హెయిర్ కటింగ్, టూర్ గైడ్, థాయ్ మసాజ్, తిరుగుతూ సరుకులు అమ్మడం, ఇవన్నీ థాయ్ వాళ్ళకే.

ఇప్పుడు డబ్బు సంగతి, కొంచెం మనసుకు కష్టమైన సంగతి. మీరు ఇచ్చేది గిఫ్టా, అప్పా? ముందే తేల్చుకోండి. థాయ్ చట్టంలో 2,000 బాట్లు దాటిన అప్పుకు తీసుకున్నవాళ్ళ సంతకంతో రాత ఉండాలి, లేకపోతే కోర్టులో నిలబడదు. "అంటే రాయించుకుంటే సేఫ్ కదా?" పెళ్ళికాని జంటకు చాలావరకు అవును. పెళ్ళయినవాళ్ళ మధ్య రాసుకున్న ఆస్తి ఒప్పందాలను మాత్రం ఇద్దరిలో ఎవరైనా, విడాకుల తర్వాత ఏడాది దాకా కూడా రద్దు చేసుకోవచ్చు. మరోపక్క పెళ్ళయ్యాక సంపాదించింది మామూలుగా ఇద్దరి ఉమ్మడి ఆస్తి. పెళ్ళి రిజిస్టర్ కాని జంటకు ఆ రక్షణ లేదు. అందుకే నా మాట ఒకటే. తిరిగి రాకపోయినా తట్టుకోగలిగినంతే ఇవ్వండి.

ఇండియాలో ఉండి పంపేవాళ్ళు బ్యాంకు ద్వారానే పంపండి. ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ స్కీమ్ కింద ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటితే బ్యాంకు టీసీఎస్ పట్టుకుంటుంది, అది మీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. ఎందుకు పంపుతున్నారో ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఫ్రెండు వాళ్ళ అన్నయ్య అక్కడ బాట్లు ఇస్తాడు, ఇక్కడ రూపాయలు ఇచ్చేద్దాం, ఇలాంటివి వద్దు. రేపు "ఈ డబ్బు ఎక్కడిది?" అని ఆమెను అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి.

చివరగా, మీది సాయమా, పెత్తనమా తెలుసుకోవడానికి నాలుగు ప్రశ్నలు. షాపు ఖాతా పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది? లాభం ముందు ఎవరి చేతికి వెళ్తుంది? మెనూలో ధర మార్చాలంటే ఎవరు ఎవరిని అడగాలి? మీ మాటకు ఆమె "వద్దు" అంటే ఆ వద్దు చెల్లుతుందా? నాలుగింటికీ జవాబు ఆమె వైపే ఉంటే నిశ్చింతగా ఉండండి. లెక్కలు చూడటం నేర్పండి, తేదీలు గుర్తుచేయండి, ఫైల్ పట్టుకుని పక్కన కూర్చోండి. జవాబు మీ వైపు ఉంటే అది మీ వ్యాపారం. దాన్ని మీ పేరుతో, మీ లైసెన్స్‌తో చేయండి, లేదా మానేయండి. ప్రేమించిన మనిషి సంతకాన్ని గొడుగులా పట్టుకుని దాని కింద దాక్కోవద్దు.

ఈ ఎపిసోడ్ మీ కన్నా ముందు మీ పార్ట్‌నర్‌కు అర్థం కావాలి. ఈరోజు ఆమెతో కూర్చుని ఆ నాలుగు ప్రశ్నలు ఆమె భాషలో అడగండి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి, బై.