పొగ తగ్గితే బిడ్డ బరువు ఎంత పెరుగుతుంది?



"కడుపుతో ఉన్నవాళ్లు గ్యాస్ మీద వండుకుంటే బిడ్డ మంచి బరువుతో పుడుతుంది" అని గ్రామ సంఘం మీటింగుల్లో మేమే చాలాసార్లు చెప్పాం. అంత ఖాయంగా చెప్పకూడదని ఇప్పుడు తెలిసింది. ఆ లెక్క మీ ముందు పెడుతున్నాం.

మన పక్కనున్న తమిళనాడులోనూ, గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాల్లోనూ 3,200 మంది గర్భిణులతో హేపిన్ అనే పరిశోధన జరిగింది. అందరూ కట్టెలు, పిడకల మీద వండేవాళ్లే. చీటీ తీసినట్టుగా సగం మందికి గ్యాస్ పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇచ్చారు. మిగతావాళ్లు పాత పొయ్యి మీదే వండుకున్నారు. చీటీ ఎందుకంటారా? గ్యాస్ కొనగలిగిన ఇంట్లో పాలు, గుడ్లు కూడా ఉంటాయి కదా. ఊరికే పోలిస్తే బరువు దేనివల్ల పెరిగిందో తేలదు. చీటీ తీస్తే ఉన్నవాళ్లు, లేనివాళ్లు రెండు వైపులా కలిసిపోతారు.

తల్లుల ఒంటికే చిన్న మిషన్ తగిలించి పొగ కొలిచారు. పాత పొయ్యి వాళ్లు పీల్చే ఘనపు మీటరు గాలిలో సన్న ధూళి 70 మైక్రోగ్రాములు, గ్యాస్ వాళ్లకు 24. మూడో వంతుకు పడిపోయింది. మరి బిడ్డల బరువు? 2022లో వచ్చిన ఫలితం ప్రకారం గ్యాస్ వైపు సగటు 2,921 గ్రాములు, పాత పొయ్యి వైపు 2,898. అన్నీ సరిచూసి లెక్కేస్తే తేడా సుమారు 20 గ్రాములు. గుప్పెడు బియ్యమంత కూడా కాదు. అసలు తేడా 2 గ్రాములు తక్కువ దగ్గర్నుంచి 42 గ్రాములు ఎక్కువ దాకా ఎంతైనా ఉండొచ్చట. అంటే సున్నా కూడా కావొచ్చు.

అంతకుముందు తమిళనాడులోనే 1,285 మంది తల్లుల లెక్క తీస్తే, ధూళి 10 మైక్రోగ్రాములు పెరిగితే బరువు 4 గ్రాములు తగ్గింది. ఆ లెక్కన 46 తగ్గితే పెరిగేది 18 గ్రాములే. రెండూ దాదాపు ఒకే మాట చెప్తున్నాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, మన సంఘంలో ఒక చెల్లెలికి బిడ్డ 2,100 గ్రాములే పుట్టింది. 2,500 కంటే తక్కువైతే తక్కువ బరువు కింద లెక్క. ఆమె గ్యాస్ మీదే వండింది. అయినా "కట్టెల పొయ్యి ముట్టించావా?" అని మేమే నిలదీశాం. బాలింత, అందరి ముందూ ఏడ్చింది. ఆ తప్పు మాది.

గ్యాస్ బండకిచ్చే చిన్న అప్పు ఆపడం లేదు. కళ్ల మంట, దగ్గు, మసి గిన్నెలు తోమే చాకిరీ మనకు తెలియనివా? కానీ వచ్చే నెల నుంచి గర్భిణుల పేజీలో పొయ్యి ఒక్కటే రాయం. తల్లి బరువు, రక్తం ఎంత ఉంది, ఐరన్ మాత్రలు, అంగన్‌వాడీ గుడ్డు అందాయా అన్నవి కూడా రాస్తాం. ఆ పేజీ మీటింగులో పైకి చదవకూడదని తీర్మానం కూడా రాసుకున్నాం.