శ్రీశైలం నడిచి పోదాం - రోడ్డు చూసి దాటుదాం

(శివరాత్రి పాదయాత్రకు బయలుదేరే మహిళల కోసం ఒక చదువు కేంద్రంలో వాలంటీరు టీచరు ఇచ్చిన ప్రసంగం ఇది. నెమ్మదిగా చదవండి. రాని వాళ్ళకు చదివి వినిపించండి.)

అమ్మలారా, అక్కలారా, జేజీలారా!

నేను టీచరు ట్రైనింగు చదివినదాన్ని. వయసులో మీకన్నా చిన్నదాన్ని. మీలో చాలామంది నన్ను ఎత్తుకుని పెంచినవాళ్ళే. మీకు బుద్ధులు చెప్పేంత పెద్దదాన్ని కాను. కానీ ఒక మాట చెప్పాలని వచ్చాను. ఆ మాట మా చిన్నమ్మ చెప్పమని పంపింది.

ఇంకో పది రోజుల్లో మనం శ్రీశైలం బయలుదేరుతున్నాం. నడిచే పోతాం. మన పెద్దలు నడిచారు, మనమూ నడుస్తాం. కర్నూలు వైపు నుంచి పోయేవాళ్ళం నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరతాం. అక్కడి నుంచి నల్లమల అడవి. నాగలూటిలో వీరభద్ర స్వామికి దండం పెట్టుకుంటాం. పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాస ద్వారం ఎక్కుతాం. అక్కడ మళ్ళీ తారు రోడ్డు వస్తుంది. ఉగాదికి కన్నడ దేశం నుంచి వచ్చే భక్తులు కూడా ఇట్లాగే ఎన్నో రోజులు నడిచి వస్తారు.

బయలుదేరే ముందు మీరంతా నన్ను ఏమడుగుతారు? "అడవిలో ఎలుగుబంటి వస్తాదా? చిరుత వస్తాదా? పాము కరుస్తాదా?" అని అడుగుతారు. మంచిదే. జాగ్రత్త పడాలి. కానీ ఒక్కరు కూడా "రోడ్డు ఎట్లా దాటాలి టీచరమ్మా?" అని అడగలేదు. రోడ్డు మనకు రోజూ చూసేదే గదా అనుకుంటాం. అడవికి భయపడతాం, రోడ్డుకు భయపడం. మా చిన్నమ్మా అట్లాగే అనుకుంది.

మా చిన్నమ్మకు ఏమైంది?

రెండేళ్ళ కిందట మేము పద్నాలుగు మందిమి బయలుదేరాం. నందికొట్కూరు దాటినాం. పొద్దు గూకుతోంది. కాళ్ళు బొబ్బలెక్కాయి. అందరికీ దాహం. రోడ్డుకు అవతల ఎవరో పుణ్యాత్ములు పందిరి వేసి మజ్జిగ పోస్తున్నారు. "రండమ్మా, రండి" అని పిలుస్తున్నారు.

ముందు పోయేవాళ్ళు ఇద్దరు దాటారు. వాళ్ళ వెనుక మా చిన్నమ్మ దాటింది. ఎడమ పక్క చూసింది. కుడి పక్క చూడలేదు. మజ్జిగ పందిరినే చూసింది. ముదురు నీలం చీర కట్టుకుంది. చీకట్లో చీకటిగా కలిసిపోయింది. ఒక పిల్లవాడు మోటారు సైకిలు మీద వస్తున్నాడు. అతను చూసేసరికే ఆమె బండి ముందు ఉంది. ఆమె పడింది, ఆ పిల్లవాడూ పడ్డాడు. అతని మోచేయి చీలింది. మా చిన్నమ్మ కాలు రెండు చోట్ల విరిగింది.

మాలో ఒకరు 108కి ఫోను చేశారు. అవతలి వాళ్ళు "ఎక్కడున్నారు?" అని అడిగారు. మేము "రోడ్డు మీద ఉన్నాం" అన్నాం. "ఏ ఊరి దగ్గర?" అన్నారు. ఏ ఊరో మాకు తెలియదు. పందిట్లో వాళ్ళు కూడా వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ళే. ఏడుపులు, అరుపులు. ఎవరికీ ఏమీ తోచలేదు.

అప్పుడు మాలో ఒక అక్క టార్చి తీసుకుని రోడ్డు పక్కనే వెనక్కి నడిచింది. ఆమె నలభై ఐదేళ్ళ వయసులో మన కేంద్రంలో అక్షరాలు నేర్చుకుంది. కిలోమీటరు రాయి దగ్గర నిలబడింది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "ఆ-త్మ-కూ-రు... పద్నాలుగు" అని గట్టిగా అరిచింది. ఆ మాటే ఫోనులో చెప్పాం. కాసేపటికి బండి వచ్చింది. ఇద్దరినీ ఎక్కించుకుని పోయింది.

అక్కలారా, అక్షరాలు సంతకానికే కాదు. ఆ రోజు ఆ రాయి చదవకపోతే ఎంతసేపు పట్టేదో!

మా చిన్నమ్మ ఆరు నెలలు మంచంలో ఉంది. కాలిలో కమ్మీ వేశారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. ఈ ఏడు రాలేదు. "గ్లాసుడు మజ్జిగకు కాలు పోగొట్టుకున్నా. నువ్వైనా వాళ్ళకు చెప్పు" అని నన్ను పంపింది. అందుకే చెప్తున్నాను.

లెక్క పెట్టి చూద్దాం

మొన్న మనం బడి ఆవరణలో ముగ్గుపిండితో రెండు గీతలు గీశాం. మధ్యలో ఏడు మీటర్లు వదిలాం. రెండు బండ్లు ఎదురెదురుగా పోయే రోడ్డు ఇంచుమించు అంత వెడల్పు ఉంటుంది. మీరంతా ఒక్కొక్కరుగా దాటారు. గడియారం చూసి ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్క పెట్టాం. వయసులో ఉన్నవాళ్ళు ఆరు లెక్కలో దాటారు. మూట నెత్తిన పెట్టుకున్న జేజికి పదకొండు పట్టింది.

ఇప్పుడు లారీ సంగతి చూద్దాం. లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తోంది అనుకోండి. అంటే ఒక్క సెకనుకు 16 మీటర్లకు పైనే వస్తుంది. జేజి పదకొండు లెక్కలో దాటేలోపు ఆ లారీ 180 మీటర్లు దాటి వచ్చేస్తుంది. అది ఇంచుమించు ఒక ఫర్లాంగు. మనం బయలుదేరినప్పుడు ఫర్లాంగు దూరంలో "ఎక్కడో ఉంది" అనుకున్న లారీ, మనం దాటేసరికి మన పక్కనే ఉంటుంది!

"డ్రైవరు బ్రేకు వేస్తాడు గదా?" అంటారు. వేస్తాడు. కానీ ముందు మనల్ని చూడాలి. తరువాత కాలు బ్రేకు మీదికి పోవాలి. అంతలోనే ఒక సెకను అయిపోతుంది. ఆ సెకనులో లారీ 16 మీటర్లు వచ్చేసి ఉంటుంది. బ్రేకు పడిన తరువాత కూడా వెంటనే ఆగదు. సరుకు నిండా ఉన్న లారీ ఇంకా చాలా దూరం జారుతూ వస్తుంది. ఎద్దుల బండిని పగ్గం లాగి ఆపినట్టు లారీని ఆపలేరు.

అందుకే ఫర్లాంగు లోపల బండి ఉంటే దాటవద్దు. స్పీడుగా వచ్చేదైతే రెండు ఫర్లాంగులున్నా నమ్మవద్దు. పోనివ్వండి. శివయ్య ఎక్కడికీ పోడు. అర నిమిషం ఆలస్యమైతే మొక్కు చెడదు.

ఎట్లా దాటాలి?

మనం గుంపుగా పోతాం. ఒకరి వెనుక ఒకరు దాటితే రోడ్డు మీద చాలాసేపు ఉంటాం. ముందున్నవాళ్ళను చూసి వెనకవాళ్ళు రోడ్డు చూడకుండా వచ్చేస్తారు. మా చిన్నమ్మ చేసిన తప్పు అదే. కాబట్టి ముందు అందరూ రోడ్డు పక్కన ఆగాలి. వెనకబడినవాళ్ళు వచ్చేదాకా ఆగాలి. తరువాత రోడ్డు వెంట పక్కపక్కన నిలబడాలి. నాటు వేసేటప్పుడు మడిలో వరుసగా నిలబడతాం చూడండి, అట్లా! ఒక మనిషి పెద్దగా ఉండాలి. ఆమె కుడి వైపు చూడాలి, ఎడమ వైపు చూడాలి, మళ్ళీ కుడి వైపు చూడాలి. "దాటండి" అంటే అందరూ ఒక్కసారే కదలాలి. నేరుగా దాటాలి. ఏటవాలుగా దాటితే దూరం పెరుగుతుంది. పరుగెత్తవద్దు. చెప్పు ఊడినా, కొంగు జారినా మధ్యలో ఆగి వెనక్కి తిరగవద్దు.

మధ్యలో దిబ్బ ఉన్న పెద్ద రోడ్లు ఉంటాయి. వాటిని రెండు రోడ్లుగా లెక్కపెట్టండి. సగం దాటి దిబ్బ మీద ఆగండి. అక్కడ మళ్ళీ చూసి దాటండి. అటువైపు బండ్లు ఎడమ నుంచి వస్తాయి. ఎదురుదారిలో వచ్చే మోటారు సైకిళ్ళూ ఉంటాయి. అందుకే రెండు వైపులా చూడాలి.

మలుపు దగ్గర దాటవద్దు. ఎత్తు మీద దాటవద్దు. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి, లారీ చాటు నుంచి దాటవద్దు. బస్సు పోయిందాకా ఆగండి. రెండు వైపులా రోడ్డు దూరం దాకా కనిపించే చోటే దాటండి.

ఎట్లా నడవాలి?

బండ్లు ఎడమ పక్కన పోతాయి. నడిచే మనం కుడి పక్కన నడవాలి. అప్పుడు మన పక్కన వచ్చే బండి ఎదురుగా కనిపిస్తుంది. వెనక నుంచి వచ్చి గుద్దే భయం తగ్గుతుంది. తారు దిగి మట్టి మీద, ఒకరి వెనుక ఒకరుగా నడవాలి. రోడ్డు కుడి వైపుకు బాగా వంపు తిరిగే చోట ఎదుటి బండి కనిపించదు. అక్కడ వంపు రాకముందే చూసి ఎడమ పక్కకు మారండి. వంపు దాటాక మళ్ళీ కుడి పక్కకు రండి.

మొక్కు ఉన్నవాళ్ళు చెప్పులు లేకుండా నడుస్తారు. మధ్యాహ్నం తారు కాలుతుంది. అవతల చెట్టు నీడ కనిపిస్తే చూడకుండా పరుగెత్తుతాం. అందుకే ఎండ ముదరకముందే నడక ఆపుదాం. తెల్లవారి వెలుతురు వచ్చాక నడుద్దాం. సాయంత్రం చల్లబడ్డాక మళ్ళీ నడిచి, చీకటి పడకముందే చేరుకుందాం. రాత్రి రెండు, మూడు గంటలకు లేచి నడవవద్దు. ఆ వేళకు డ్రైవర్లకు కూడా నిద్ర వస్తుంది.

చీకట్లో నడవక తప్పకపోతే తెల్లటి బట్ట పైన కప్పుకోండి. మూటకు, చేతికర్రకు మెరిసే స్టిక్కరు అంటించండి. సైకిలు షాపులో దొరుకుతుంది. లైటు పడితే దూరానికే మెరుస్తుంది. ముందు ఒకరు, వెనక ఒకరు టార్చి పట్టుకోండి. వెలుగు నేల మీద పడాలి, డ్రైవరు కళ్ళలో కాదు. ఒక్క లైటు వస్తుంటే మోటారు సైకిలే అనుకోవద్దు. ఒక కన్ను పోయిన లారీ కావచ్చు.

అలసిపోయి రోడ్డు అంచున పడుకోవద్దు. ఆగి ఉన్న లారీ కింద నీడకు అస్సలు పడుకోవద్దు. పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుంటే దారిలో తీసేయమనండి.

ప్రమాదం జరిగితే?

108కి ఫోను చేయండి. డబ్బులు కట్టనక్కర లేదు. 112కి చేసినా పలుకుతారు. జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా ఉంది. కిలోమీటరు రాయి చదివి చోటు చెప్పండి. రాయి తల పసుపు రంగు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో అదిమి పట్టండి. మెడ, నడుము దెబ్బ తగిలినట్టుంటే లాగి లేపవద్దు. నోట్లో నీళ్ళు పోయవద్దు. ఇద్దరు కాస్త దూరంగా, రోడ్డు పక్కన నిలబడి తువ్వాలు ఊపుతూ వచ్చే బండ్లను ఆపండి.

"సాయం చేస్తే పోలీసు స్టేషన్ల చుట్టూ తిరగాలి" అని భయపడవద్దు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. సాయం చేసినవాళ్ళను పేరు చెప్పమని బలవంతం చేయకూడదు అని దాని కింద చేసిన నియమాల్లో ఉంది. దెబ్బ తగిలినవాళ్ళకు లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజుల దాకా డబ్బు కట్టకుండా వైద్యం అందించే పథకం 2025లో వచ్చింది. ఆసుపత్రిలో ఆ మాట అడగండి.

చివరి మాట

నిన్న జేజి నాతో అంది: "శివుని మీద భారం వేసి పోతాం. మాకేమైతాది అమ్మాయ్?" అని. జేజీ, భారం వేద్దాం. కానీ శివుడు మనకు రెండు కళ్ళు ఇచ్చాడు. మెడ తిప్పి చూడమనే ఇచ్చాడు. మనకు లెక్క వచ్చింది, అక్షరం వచ్చింది. వాటిని ఇంట్లో పెట్టి పోవద్దు.

మా చిన్నమ్మ తన టార్చి నా చేతికిచ్చింది. "వెనక నడిచేవాళ్ళకు ఇవ్వు" అంది. ఈ ఏడు గుంపులో చివర నేను నడుస్తాను. పద్నాలుగు మందిమి పోతున్నాం. పద్నాలుగు మందిమీ ఇంటికి నడిచి రావాలి.

సెలవు.

గుర్తు పెట్టుకోండి

1. ఆగాలి. చూడాలి. లెక్క వేయాలి. అప్పుడే దాటాలి.
2. అందరూ ఒకే వరుసలో, ఒక్కసారే దాటాలి.
3. కుడి పక్కన, మట్టి మీద నడవాలి.
4. చీకట్లో తెల్ల బట్ట, టార్చి ఉండాలి.
5. దారిలో కిలోమీటరు రాళ్ళు చదువుతూ పోవాలి.

చదివారు కదా, చెప్పండి

1. చిన్నమ్మ ఏ వైపు చూడలేదు?
2. 108 వాళ్ళకు చోటు ఎట్లా తెలిసింది?
3. ఏడు మీటర్ల రోడ్డు దాటడానికి మీకు ఎంత లెక్క పడుతుంది? గీత గీసి చూడండి.
4. మీ ఊరి దగ్గర కిలోమీటరు రాయి మీద ఏమి రాసి ఉంది? చూసి వచ్చి పలక మీద రాయండి.