రెప్ప వాల్చడం మరువకండి
(మోరిస్‌విల్ తెలుగు తరగతి పిల్లలకు చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డను ఎంతో జాగ్రత్తగా పెంచే తల్లిని గురించి "కంటికి రెప్పలా కాపాడుతోంది" అంటాం. రెప్ప చేసే మేలు అంత గొప్పది. తెర ముందు కూర్చున్నప్పుడు ఆ మేలుకు ఎలా లోటు వస్తుందో ఈనాడు తెలుసుకుందాం.

'నిమిషం' అనే మాటకు మొదటి అర్థం రెప్పపాటు. దేవతలు రెప్ప వాల్చరు కనుక వారిని అనిమిషులు అంటారు. దమయంతి స్వయంవరంలో ఒకే రూపంతో ఐదుగురు నలులు కూర్చున్నారు. వారిలో నలుగురు దేవతలు. రెప్ప వాల్చడం వంటి మానవ లక్షణాలు చూసి ఆమె అసలు నలుణ్ణి గుర్తించింది. మనమూ మానవులమే. రెప్ప వాల్చకపోతే మన కంటికి చెరుపు.

మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వాలుస్తాం. వాల్చినప్పుడల్లా పలుచని కన్నీటి పొర కంటిపై పరచుకొంటుంది. కంప్యూటరునో ఫోనునో రెప్పార్పకుండా చూస్తూ ఉంటే ఆ సంఖ్య సగానికి, కొన్నిసార్లు ఇంకా తక్కువకు పడిపోతుంది. ఆ పొర ఆరిపోతుంది. అందుకే కళ్ళు మండుతాయి, చూపు మసకబారుతుంది.

మరొక కారణం కూడా ఉంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోని చిన్న కండరం బిగుసుకొంటుంది. దూరంగా చూస్తే సడలుతుంది. పిడికిలి బిగించి ఎంతసేపు ఉండగలరు? కంటి కండరమూ అంతే.

దీనికి అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ అనే నేత్రవైద్యుల సంస్థ ఒక సులభమైన నియమం చెబుతున్నది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగులకు పైగా దూరంలో ఉన్న దానిని 20 సెకండ్లు చూడాలి. కిటికీలోంచి పైన్ చెట్ల కొనలు చూడండి. రాలీ-డర్హమ్ విమానాశ్రయంలో దిగబోయే విమానాన్ని చూడండి. తెరను చెయ్యి చాచినంత దూరంలో ఉంచుకోండి. తాతయ్యతో, అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు కూడా ఫోనును ముఖానికి ఆనించుకోవద్దు.

తెర నుండి వచ్చే నీలికాంతి కళ్ళను పాడుచేస్తుందని కొందరు భయపడతారు. అలా జరుగుతుందనడానికి ఆధారం లేదని, దానికోసం ప్రత్యేకమైన కళ్ళజోడు అవసరం లేదని ఆ వైద్యులే చెబుతున్నారు. కాని పడుకోబోయే ముందు తెర చూస్తే నిద్ర చెడుతుంది.

అలసట విశ్రాంతితో పోతుంది. హ్రస్వదృష్టి అలా పోదు. పెరిగే వయసులో కనుగుడ్డు ఉండవలసిన దానికంటే పొడవుగా పెరిగితే, దూరపు వస్తువులు మసకగా కనిపిస్తాయి. అలా పొడవు పెరిగిన కనుగుడ్డు మళ్ళీ మామూలు కాదు. తెర మాత్రమే కాదు, పుస్తకమైనా ఎప్పుడూ దగ్గరగా పెట్టుకొని చదవడం మంచిది కాదు.

దీనికి మంచి రక్షణ ఆరుబయట వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో కొన్ని బడులలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి తరగతి అదనంగా పెట్టారు. మూడేళ్ళలో వారిలో నూటికి సుమారు 30 మందికి హ్రస్వదృష్టి వచ్చింది. తక్కిన బడులలో నూటికి సుమారు 40 మందికి వచ్చింది. ఈ ఫలితాలను 2015లో ప్రకటించారు. కాబట్టి చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ ఆడండి, లేక్ క్రాబ్‌ట్రీ గట్టున నడవండి. ఆటే మీ కంటికి మందు.

చివరగా ఒక ముఖ్యమైన మాట. తరగతిలో బోర్డు మీది అక్షరాలు మసకగా కనిపిస్తే వెంటనే అమ్మానాన్నలకు, ఉపాధ్యాయులకు చెప్పండి. కళ్ళజోడు పెట్టుకోవలసి వస్తుందని సిగ్గుపడి దాచకండి. అక్షరం కనబడని పిల్లవాడు తనకు చదువు రాదని అనుకొని కుంగిపోతాడు. లోపం చదువులో లేదు, చూపులో ఉంది. దాన్ని సరిదిద్దవచ్చు.

కంటిని రెప్ప కాపాడుతుంది. ఆ రెప్పను వాల్చడం మీరు మరువకండి.