తలవైపు నిలబడేవాళ్ళం

రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్ళు కునికితే నేనేమీ అనుకోను. మనుషుల్ని నిద్రపుచ్చి తిండి తినేవాళ్ళం, ఆ మాత్రం ఓర్చుకోగలను.

ఎవరి పేరుమీద ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు ఉపన్యాసాలు ఇచ్చే మనిషి కాదు. బాయిల్స్ మెషీను పక్కన స్టూలు వేసుకుని, ఎడమచేత్తో బ్యాగు నొక్కుతూ, కుడిచేత్తో ఛార్టు రాస్తూ ఉండేవారు. మేము ఏదైనా అడిగితే రోగి మొహంమీంచి చూపు తిప్పకుండానే జవాబు చెప్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో ఒక్కటే ఇవాళ పట్టుకుంటాను: కేసు మధ్యలో రోగిని ఇంకొకరికి ఎలా అప్పగించాలి?

అక్కడికి వచ్చేముందు ఇంకో మాట. వచ్చే ఏడాది ప్రణాళికమీద మాట్లాడమని కార్యదర్శిగారు ఒక కాగితం పంపారు. నాలుగు సీఎంఈలు, అంటే డాక్టర్ల నిరంతర శిక్షణ తరగతులు, అల్ట్రాసౌండుతో నరాల బ్లాకులమీద ఒక వర్క్‌షాపు, రాష్ట్ర మహాసభ, అక్టోబరు 16న ప్రపంచ అనస్థీషియా దినం, ఆ రోజు ఒక ర్యాలీ. పైన ఒక నినాదం. అన్నీ మంచివే. అయితే ఇంట్లో పాత ఫైళ్ళు తీసి చూశాను. పదేళ్ళ కిందటి కాగితంలోనూ దాదాపు ఇవే ఉన్నాయి. ఏటా మారేది నినాదం, ఫ్లెక్సీమీది ఫొటో.

ఆ అక్టోబరు 16 కథ మీకందరికీ కంఠతా వచ్చు. 1846లో ఆ రోజు బోస్టన్‌లో మోర్టన్ ఈథర్‌తో మత్తు ఇచ్చి చూపించాడు. ర్యాలీలో బోస్టన్ పేరు చెప్పుకుంటాం కానీ, మన హైదరాబాదు పేరు చెప్పుకోవడం మరిచిపోతాం. క్లోరోఫాం ఇస్తే ముందు గుండె ఆగుతుందా, ఊపిరి ఆగుతుందా అని ప్రపంచమంతా కొట్టుకుంటున్న రోజుల్లో, 1888లో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ క్లోరోఫాం కమిషన్ పెట్టించాడు. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. మొదటి కమిషన్ తేల్చినదాన్ని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చులకు వెయ్యి పౌన్లు ఇస్తామని నిజాం తరఫున కబురు పెట్టారు. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు, వందల జంతువులమీద పరీక్షలు జరిగాయి. ఆ రోజుల్లోనే హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదివిన పార్శీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడ క్లోరోఫాం ఇచ్చేది. మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఆమెను లెక్కిస్తారు.

రెండో కమిషన్ కూడా లారీ మాటే నిజమంది. ముందు ఆగేది ఊపిరి. ఊపిరి చూసుకుంటే చాలు, నాడితో పనిలేదు. లారీ ఎడిన్‌బరోలో సర్జన్ సైమ్ దగ్గర చదివింది ఈ పాఠమే. ప్రశ్నకు ముందే ఆయన దగ్గర జవాబు ఉంది. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులమీద పరీక్షించి, పలచటి మత్తులో ఉన్నప్పుడు క్లోరోఫాం గుండెను అదుపు తప్పించి కొట్టుకునేలా చేసి ఆపేయగలదని చూపించాడు. అంటే వందల జంతువులు, అంత డబ్బు, అంత పేరు అన్నీ ఉండి కూడా సగమే నిజం తేలింది. ఊపిరిని కనిపెట్టుకుని ఉండమన్న సగం మాత్రం ఈనాటికీ మన చేతుల్లో ఉంది.

ఈ కథ పొగడ్త కోసం చెప్పలేదు. తీర్మానం ముందే రాసి పెట్టుకుని కమిటీ వేసే అలవాటు లారీతో పోలేదని చెప్పడానికి. మన సర్వసభ్య సమావేశాలకు వచ్చినవారికి వేరే వివరించక్కర్లేదు.

ఇక అప్పగింత సంగతి. కేసు నడుస్తుండగా మాస్టారు బయటికి వెళ్ళాల్సివస్తే, వచ్చినవాడిని ముందు ఛార్టు పైకి చదవమనేవారు. ఏ మందు ఎంత ఇచ్చాం, ఆఖరి డోసు ఎప్పుడు, రక్తం ఎంత పోయింది, ట్యూబు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కట్టాం, అన్నీ వాడి నోటితో చెప్పించుకుని అప్పుడు స్టూలు వదిలేవారు. ఛార్టు రాయడం మనకు 1894 నాటినుంచీ ఉన్న అలవాటు. హార్వర్డులో కుషింగ్, కాడ్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు, ఈథర్ ఇస్తుండగా చనిపోయినవాళ్ళను చూసి భయపడి మొదలుపెట్టారు. థియేటర్లో ఇంత జాగ్రత్తగా ఉండే మనం, మన మత్తు డాక్టర్ల సంఘాన్ని ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి ఎలా ఇస్తున్నాం? ఒక దండ, ఒక శాలువా, మెడలో పతకం, గ్రూప్ ఫొటో. బ్యాంకు సంతకాలు మార్చడానికి ఒక ఫారం. అంతే.

తప్పు నాది కూడా. నేను ఒక శాఖకు కార్యదర్శిగా ఉన్న ఏడాది, బయటివాళ్ళకు సీపీఆర్ నేర్పడానికి రెండు బొమ్మలు కొన్నాం. ఆర్టీసీ కండక్టర్లకు, స్కూలు టీచర్లకు నేర్పాం. మంచి పేరొచ్చింది. మార్చిలో నేను దిగిపోయాను. వచ్చినవారి నినాదం వేరు. ఆ బొమ్మలు ఎక్కడున్నాయో, తర్వాత ఏ డిపోకి వెళ్తామని మాట ఇచ్చామో నేను ఎవరికీ రాసివ్వలేదు. ఆరేళ్ళ తర్వాత అవి స్టోరురూములో దొరికాయి. ఒకదాని ఛాతీ ఎలుకలు కొట్టేశాయి.

2017లో ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ సామాన్యుల కోసం చేతులతో ఛాతీ నొక్కడం ఒక్కటే చాలన్న పద్ధతి తయారుచేసింది. అది మన సంఘం పత్రికలోనే అచ్చయింది. నోట్లో నోరు పెట్టి ఊదాలని భయపడి వెనక్కి తగ్గేవాడు కూడా ఛాతీమీద చేతులు పెడతాడు. రోడ్డుమీద మనిషి కుప్పకూలితే అంబులెన్సు వచ్చేలోపు ఉపయోగపడేది అదే. ఇది ఒక అధ్యక్షుడి ఏడాదిలో అయ్యే పని కాదు. ఊరిలో ప్రతి బస్ డిపో, ప్రతి ఇంటర్ కాలేజీ తిరిగేసరికి అయిదేళ్ళు పడుతుంది. కాబట్టి నేను అడిగేది: పదవిలో ఉన్న అధ్యక్షుడు, కాబోయే అధ్యక్షుడు, దిగిపోయిన అధ్యక్షుడు, ముగ్గురూ ఒకే కాగితంమీద సంతకం చెయ్యండి. కొత్తవాడికి నినాదం మార్చే హక్కు ఉంచండి. పని ఆపే హక్కు మాత్రం ముగ్గురు ఒప్పుకుంటేనే.

ఆ కాగితంలో ఇంకో సంగతి కూడా ఉండాలి. అది రాయాలంటే మనకు మొహమాటం. మనలో చాలామంది ఉదయం ఏడింటికి కారు డిక్కీలో సొంత లారింగోస్కోపు, సొంత పల్స్ ఆక్సీమీటరు పెట్టుకుని రోజుకు మూడు నర్సింగు హోముల్లో మత్తు ఇచ్చి వస్తారు. ఒక చోట సక్షన్ పనిచెయ్యదు, ఇంకో చోట ఆక్సిజన్ సిలిండరుకు గేజి ఉండదు. ఆరోగ్యశ్రీ వచ్చాక చిన్న ఊళ్ళలోనూ ఆపరేషన్లు పెరిగాయి, పరుగూ పెరిగింది. త్రుటిలో తప్పిన ప్రమాదం గురించి సాయంత్రం ఇద్దరు మిత్రులు కాఫీ తాగుతూ చెప్పుకుంటారు, అక్కడితో సరి. రోగి పేరు, ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు ఏదీ లేకుండా, ఏం జరిగిందో మాత్రం రాసి వేసే పెట్టె ఒకటి శాఖలో ఉంచండి. మూణ్ణెల్లకోసారి తెరిచి చదవండి. నాలుగు సీఎంఈల్లో ఒకటి తీసేసి ఆ పూట దీనికివ్వండి. స్పాన్సరు దొరకడు, లంచి మనమే కొనుక్కోవాలి. పర్వాలేదు.

ఇంకొక్క సంగతి. పద్దెనిమిది వారాల శిక్షణతో ప్రసూతి ఆపరేషన్లకు మత్తు ఇవ్వడానికి తయారైన ఎంబీబీఎస్ డాక్టర్లు ప్రభుత్వాసుపత్రుల్లో ఉన్నారు. వాళ్ళను సభ్యులుగా తీసుకోవాలా వద్దా అని మనం చాలాకాలంగా వాదించుకుంటున్నాం. ఆ వాదన అలా ఉండనివ్వండి. అర్ధరాత్రి మూడింటికి వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తే నంబరు ఒకటి ముందు ఇద్దాం.

ఎలుకలు కొట్టిన బొమ్మకు ఛాతీ మార్పించాను. టీ తర్వాత హాలు వెనక దుప్పటిమీద పడుకోబెడతారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు నిమిషాలు. మొదట దిగిపోతున్న అధ్యక్షులవారు మోకాళ్ళమీద కూర్చుంటారు. ఆయన అలిసిపోగానే, లెక్క తప్పకుండా, కొత్త అధ్యక్షులవారు అందుకుంటారు.